పిత్తాశయంలో రాళ్లు: పెద్దాసుపత్రిలో ఎన్నాళ్లు ఆగాలి, ప్రైవేటులో "రేపే చేసేద్దాం" అంటే ఒప్పుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. నాలుగు నెలల్లో రెండుసార్లు నొప్పి వచ్చి తగ్గింది. ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రివాళ్లు రేపే చేర్చండి, 85 వేలు అవుతుంది అన్నారు. పెద్దాసుపత్రికి వెళ్తే నెలల తరబడి తిప్పుతారని బంధువులు భయపెడుతున్నారు. తెల్ల రేషన్ కార్డు ఉంది, మీరు బెంగళూరులో ఉంటారు, మీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో నాన్నగారి పేరు కూడా ఉంది. అప్పు చేయాలా, ఆగాలా? పెద్దాసుపత్రిలో అనుభవం ఎలా ఉంటుంది?

సూటిగా చెప్తాను: ఆపరేషన్ అవసరమే, కానీ రేపే అవసరం లేదు. దీనికోసం అప్పు అసలే అవసరం లేదు. ఇప్పుడు జ్వరం, కామెర్లు, తగ్గని నొప్పి లేకపోతే మూడు నాలుగు వారాలు ఆగి చేయించుకోవచ్చు. పెద్దాసుపత్రిలో కూడా పద్ధతి తెలిసి వెళ్తే దాదాపు అంతే పడుతుంది. తెలియకుండా వెళ్తే మాత్రం బంధువులు చెప్పిన నెలలు నిజమవుతాయి.

ముందు ఆగకూడని పరిస్థితి గురించి. చలితో జ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారడం, ఆరు గంటలు దాటినా తగ్గని నొప్పి, నొప్పి వీపులోకి పొడుచుకుపోతూ ఆగని వాంతులు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఓపీ లైన్లో నిలబడొద్దు, నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. పిత్తాశయం వాచి ఉండొచ్చు, రాయి జారి పైత్యరస నాళానికి అడ్డుపడి ఉండొచ్చు, క్లోమం వాచి ఉండొచ్చు. జ్వరమూ కామెర్లూ కలిసి వస్తే అది గంటల లెక్కలో చూడాల్సిన జబ్బు. అప్పుడు అడగాల్సింది బెడ్ ఉందా అని కాదు, ఈఆర్‌సీపీ (నోటిద్వారా గొట్టం పంపి నాళంలోని రాయి తీయడం) చేసే సౌకర్యం ఉందా అని. లేనిచోట చేర్చి, రెండు రోజులయ్యాక వేరేచోటికి పంపించడమే ఎక్కువగా జరిగే నష్టం.

ఇక ఆగే సంగతి. పెద్దాసుపత్రిలో ఆలస్యమంటే అందరికీ ఓపీ లైనే గుర్తొస్తుంది. నిజానికి ఆ లైన్ గంటా రెండు గంటలు. రోజులు పోయేది మెట్టుకీ మెట్టుకీ మధ్య. బోధనాసుపత్రుల్లో సర్జరీ విభాగం యూనిట్లుగా ఉంటుంది. ఒక్కో యూనిట్‌కు వారంలో ఓపీ రోజులు వేరు, ఆపరేషన్ రోజులు వేరు. మొదటిసారి మీరు ఏ రోజు వెళ్తే ఆ రోజు యూనిటే మీది. తర్వాత రిపోర్టు చూపించాలన్నా, తేదీ అడగాలన్నా ఆ యూనిట్ ఓపీ రోజే వెళ్లాలి. వేరే రోజు వెళ్తే "మీ యూనిట్ గురువారం, అప్పుడు రండి" అంటారు. ఒక రిపోర్టు చేతికి రాకపోతే పోయేది ఒక రోజు కాదు, మూడు నాలుగు రోజులు. అలా ఏడెనిమిదిసార్లు జరిగితే నెల గడిచిపోతుంది. జనం కాళ్లరిగేలా తిరిగాం అనేది ఎక్కువగా ఇదే.

అందుకని మొదటి రోజు సోమవారం వద్దు. ఆదివారం సెలవు, ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు అందరూ ఆ రోజే దిగుతారు. పండగ మర్నాడూ అంతే. వారం మధ్యలో పెట్టుకోండి. ఓపీ చీటీ మీద యూనిట్ నంబరు, దాని ఓపీ రోజులు రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే సిస్టర్‌ని అడిగి మీరే రాసుకోండి.

కౌంటర్ తెరిచేలోపు అక్కడుండాలి. చాలాచోట్ల ఇప్పుడు కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది. ఫోన్లో ఆభా (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు నంబరు) యాప్ ముందే వేసుకుని, నాన్నగారి ఆధార్‌తో ఆభా నంబరు తీసుకుని ఉంటే, ఆ కోడ్ స్కాన్ చేయగానే పేరు, వయసు, ఊరు వాళ్ల కంప్యూటర్‌కి వెళ్లి మీకు టోకెన్ వస్తుంది. పెద్ద లైన్ తప్పుతుంది. ఇంటి దగ్గరే చేసుకోండి. అక్కడికి వెళ్లాక ఓటీపీ రాక, ఆధార్‌కి ఫోన్ నంబరు జతకాక ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ.

నాన్నగారిని పరగడుపున తీసుకెళ్లండి. షుగర్ మాత్రలు, ఇడ్లీ డబ్బా వెంట పెట్టుకోండి, రక్తం ఇచ్చాక తినిపించండి. ఎందుకంటే డాక్టరు పిలిచి, పరీక్షలు రాసేసరికి పదకొండు అవుతుంది. రక్తం తీసే కౌంటర్ మధ్యాహ్నానికల్లా మూసేస్తారు. టిఫిన్ తిని వచ్చారంటే ఫాస్టింగ్ షుగర్‌కి మళ్లీ రేపు రావాలి. దీనికోసమే ఒక రోజు పోగొట్టుకునేవాళ్లు రోజూ కనిపిస్తారు.

ఓపీ గదిలో ముందు చూసేది పీజీ డాక్టరు, తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్. మీకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. అందులో జబ్బు కథ మొత్తం చెప్పబోతే అసలు విషయం మిగిలిపోతుంది. ఒక తెల్లకాగితం మీద ఇవి రాసుకెళ్లండి: నొప్పి వచ్చిన తేదీలు, ఎంతసేపు ఉందో, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, వాడే మాత్రల పేర్లు, మోతాదులు, గతంలో అయిన ఆపరేషన్లు, మందులు పడకపోవడాలు. కాగితం చూసి డాక్టరు రాసుకుంటారు, మిగిలిన రెండు నిమిషాలు మీ ప్రశ్నలకు మిగులుతాయి. స్కానింగ్ రిపోర్టు పాతదైతే మళ్లీ చేయమంటారు, గొడవపడొద్దు. నాళంలో రాయి ఉందా, నాళం వెడల్పెంత అనేది తాజాగా తెలియాలి.

అప్పుడు అడగాల్సిన ఒకే ఒక్క మాట: "సార్, మత్తు డాక్టరు ఫిట్‌నెస్‌కి కావలసిన పరీక్షలన్నీ ఈరోజే రాసిస్తారా?" ఈ ఫిట్‌నెస్ మెట్టు దగ్గరే అందరూ ఇరుక్కుంటారు. సర్జన్ రాసిన పరీక్షలు పట్టుకుని వెళ్తారు, మత్తు డాక్టరు ఈసీజీ ఏది అంటారు. ఈసీజీ తెస్తే షుగర్ మనిషి కదా, గుండె స్కానింగ్ చేయించుకురండి అంటారు. 2డి ఎకోకి తేదీ పది రోజుల తర్వాత వస్తుంది. అన్నీ మొదటి రోజే రాయిస్తే ఆ పది రోజులూ మిగతా పనులతో పాటే నడిచిపోతాయి. మామూలుగా కావలసినవి ఇవి: రక్తం పూర్తి లెక్క, బ్లడ్ గ్రూపు, షుగర్, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష, రక్తం గడ్డకట్టే పరీక్ష, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, 2డి ఎకో. ఎకో తేదీ మరీ దూరమైతే అదొక్కటి బయట చేయించి తెస్తే తీసుకుంటారా అని అడగండి. చాలాచోట్ల తీసుకుంటారు. ఇక్కడ పెట్టే ఖర్చు మాత్రం దండగ కాదు.

షుగర్ గురించి విడిగా చెప్పాలి. మీ నాన్నగారి ఆపరేషన్ తేదీని నిర్ణయించేది క్యూ కాదు, ఆయన షుగరే. హెచ్‌బీఏ1సీ 8.5 దాటి ఉంటే అత్యవసరం కాని ఆపరేషన్‌ని వాయిదా వేసే మత్తు డాక్టర్లు చాలామంది ఉన్నారు. అది మీమీద కక్ష కాదు. షుగర్ ఎక్కువుంటే గాయం చీముపట్టొచ్చు, త్వరగా మానకపోవచ్చు. కాబట్టి ఈ మూడు నాలుగు వారాలూ ఖాళీగా ఆగినట్టు అనుకోవద్దు. ఇవాళ్టి నుంచే షుగర్ డాక్టరును కలిసి సరిచేయించండి. ప్రైవేటులో రేపే చేద్దాం అన్నవారిని కూడా అడగాల్సిన ప్రశ్న ఇదే: హెచ్‌బీఏ1సీ చూశారా? చూడకుండానే తేదీ ఇచ్చారంటే అది చురుకుదనం కాదు.

మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే సర్జన్‌కీ మత్తు డాక్టరుకీ ఇద్దరికీ చెప్పండి. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. ఉపవాసంలో ఆ మాత్రలు వాడితే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మాత్రలు, ముఖ్యంగా క్లోపిడోగ్రెల్, వాడుతుంటే అదీ చెప్పాలి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు మాత్రం ఎవరో చెప్పారని సొంతంగా ఆపకూడదు. చేర్చుకున్నాక ఈ సంగతి బయటపడి, ఆ వారం లిస్టు నుంచి పేరు తీసేసి ఇంటికి పంపడం ప్రతి వార్డులోనూ జరిగేదే.

ఫిట్‌నెస్ వచ్చాక తేదీ ఇస్తారు. లిస్టులో పేరు ఉన్నంత మాత్రాన అయిపోతుందని నమ్మకం లేదు. రాత్రి వచ్చిన యాక్సిడెంటు, పేగు చిల్లు కేసులు ముందుకొస్తాయి, చివర ఉన్నవాళ్లు వచ్చే ఆపరేషన్ రోజుకు వెళ్తారు. షుగర్ ఉన్నవాళ్లను లిస్టులో ముందు పెట్టడం ఆనవాయితీ. ముందురోజు సాయంత్రం డ్యూటీ డాక్టరుకు "షుగర్ పేషెంట్ సార్" అని ఒక్కసారి గుర్తుచేస్తే చాలు. రాత్రి ఎనిమిదికి తిని, మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎదురుచూస్తూ పడుకున్న షుగర్ మనిషికి షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే సిస్టర్‌ని పిలిచి వేలి షుగర్ చూడమనండి. గట్టి ఆహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలనేది మామూలు లెక్క. మీ వార్డులో ఏం చెప్తే అది పాటించండి.

మొత్తం కలిపితే, అన్నీ సజావుగా ఉంటే చీటీ తీసిన రోజు నుంచి ఆపరేషన్ దాకా రెండు నుంచి నాలుగు వారాలు అనుకోండి. షుగర్ దిగకపోతే ఆరు. దాటితే ఎక్కడో ఒక కాగితం ఆగిందని అర్థం. అప్పుడు లైన్లో కాకుండా ఆర్‌ఎంఓ (ఆసుపత్రి పాలన చూసే రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఆఫీసులో అడగండి.

ప్రైవేటులో ఆగడం ఉండదనుకోవద్దు. అక్కడ ఆ వరుస తలకిందులవుతుంది. పరీక్షలు రెండు గంటల్లో అయిపోతాయి, తేదీ మర్నాటికే దొరుకుతుంది. కానీ సాయంత్రం ఆరుకి అపాయింట్‌మెంట్ ఇచ్చిన డాక్టరుగారు థియేటర్లో ఇరుక్కుని ఎనిమిదిన్నరకి వస్తారు. చివర్లో, ఇంటికి పొమ్మన్నాక, బిల్లు దగ్గర మరో పూట. ఇన్సూరెన్స్ ఉంటే ఇంకా. 2024లో ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల నియంత్రణ సంస్థ) పెట్టిన నిబంధన ప్రకారం క్యాష్‌లెస్ కోసం ఆసుపత్రి అడిగిన గంటలో కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి బిల్లు వెళ్లిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి. అది దాటాక ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు కంపెనీదే. మూడు గంటలు మొదలయ్యేది బిల్లు పంపినప్పటి నుంచి. చాలాచోట్ల ఆలస్యమయ్యేది దానికి ముందే, డిశ్చార్జి సమ్మరీ టైపు కాకపోవడం వల్ల. అందుకే ముందురోజు రౌండ్స్‌లోనే "రేపు పంపిస్తారా, సమ్మరీ ఈ సాయంత్రమే తయారుచేయిస్తారా" అని అడగాలి.

మీ కంపెనీ పాలసీలో రెండు చూడండి. విడిగా కొన్న పాలసీల్లో పిత్తాశయ రాళ్లకు సాధారణంగా రెండేళ్ల నిరీక్షణ ఉంటుంది. కంపెనీ గ్రూపు పాలసీల్లో చాలావరకు ఉండదు, కానీ తల్లిదండ్రుల విషయంలో షరతులు వేరుగా ఉండొచ్చు, హెచ్‌ఆర్‌ని అడగండి. రెండోది గది అద్దె పరిమితి. రోజుకు 3,000 పరిమితి ఉన్నప్పుడు 6,000 గది తీసుకుంటే అద్దెలో తేడా 3,000 కట్టడంతో సరిపోదు. సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ లాంటివాటిలో కూడా సగమే వస్తుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించకూడదు. ఏసీ గది కోసం ఆశపడి ముప్పై నలభై వేలు చేతినుంచి పెట్టుకునేవాళ్లకు ఈ లెక్క బిల్లు చూశాకే తెలుస్తుంది.

ఇక మూడో దారి, నా దృష్టిలో మీరు ముందు తట్టాల్సిన తలుపు. తెల్లకార్డు ఉంది కాబట్టి ఆంధ్రాలో అయితే ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో అయితే ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పథకమే ఇది, పేరు మారుతూ వచ్చింది. పథకం నెట్‌వర్క్‌లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (పథకం పనులు చూసే ఉద్యోగి) డెస్క్ ఉంటుంది. డబ్బు కట్టి చేరకముందే ఆ డెస్క్ దగ్గరకు వెళ్లండి. నగదు కింద చేరిపోయాక పథకంలోకి మార్చమంటే చాలాచోట్ల కుదరదంటారు. అడగాల్సినవి: లాప్రోస్కోపీతో (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి) పిత్తాశయం తీయడం మీ ఆసుపత్రిలో పథకం కింద చేస్తారా, లేక ప్రభుత్వాసుపత్రులకే కేటాయించారా? అనుమతి రావడానికి ఇప్పుడు ఎన్ని రోజులు పడుతోంది? ఈ పథకం కింద చేయించుకుంటే పరీక్షలు, భోజనం, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ప్యాకేజీలోనే ఉండాలి. పైన ఏదైనా కట్టమంటే 104కి ఫోన్ చేయండి. రసీదు లేకుండా అడిగినదైతే మరీ.

ఒక్క చిక్కు. ప్రభుత్వం నుంచి బకాయిలు పేరుకుపోతే నెట్‌వర్క్ ఆసుపత్రులు పథకం కేసులు ఆపేస్తాయి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఇది జరిగింది. ఆపినట్టు బోర్డు పెట్టరు, "బెడ్లు లేవు, వచ్చే వారం చూద్దాం" అంటారు. రెండుసార్లు ఆ మాట విన్నారంటే ఇంకో ఆసుపత్రి చూసుకోండి.

ప్రైవేటులో సొంత డబ్బుతోనే అని తేల్చుకుంటే, ఆ 85 వేలలో ఏం లేదో కాగితం మీద రాయించుకోండి. ఐసీయూ, అదనపు రోజు, బయాప్సీ, మత్తు డాక్టరు ఫీజు, మధ్యలో లాప్రోస్కోపీ కుదరక పొట్ట తెరవాల్సి వస్తే అయ్యే తేడా. ఆ చివరిది ఎవరూ అడగరు, సర్జన్లు చాలామంది చెప్పరు. కానీ వాపు వచ్చి తగ్గిన పిత్తాశయాల్లో అలా జరగడం వింత కాదు. ఆపరేషన్ ఎవరు చేస్తారు, రాత్రిపూట వార్డులో ఎంబీబీఎస్ డాక్టరు ఉంటారా అని కూడా అడగండి. చిన్న నర్సింగ్‌హోముల్లో సర్జన్ బయటినుంచి వచ్చి, చేసి వెళ్లిపోతారు. అర్ధరాత్రి రక్తస్రావమైతే అక్కడినుంచి మళ్లీ పెద్దాసుపత్రికే పంపిస్తారు. ఇరవై నాలుగు గంటలూ సర్జన్, మత్తు డాక్టరు, రక్తనిధి ఒకే ఆవరణలో ఉండటం పెద్దాసుపత్రికి ఉన్న బలం. పీజీలు చేస్తారని భయపడతారు, పక్కన సీనియర్ ఉండే చేస్తారు.

 

అనుభవం మాట అడిగారు, నిజమే చెప్పాలి. పెద్దాసుపత్రిలో వైద్యం కన్నా అక్కడ ఉండటమే ఎక్కువ కష్టం. బాత్రూములు, ఫ్యాన్లు, పక్కమంచం ఏడుపులు, స్ట్రెచర్ నెట్టడానికి చెయ్యి చాపేవాళ్లు. దుప్పటి, బకెట్టు, మగ్గు, చెప్పులు, నీళ్ల సీసా, ఫోన్ ఛార్జర్‌కి పొడవైన వైరు తీసుకెళ్లండి. ఫైలు మీ దగ్గరే ఉంటుంది కాబట్టి ప్రతి కాగితం ఫొటో తీసుకోండి, తేదీల వరుసలో పెట్టండి. ఎక్కడ పోయినా మళ్లీ మొదటి మెట్టుకే. పొద్దున రౌండ్స్ వేళకు తోడున్నవాళ్లు టీకి వెళ్లకుండా మంచం దగ్గర ఉండాలి, సీనియర్ డాక్టరు కనిపించేది అప్పుడే. తోడుగా వంతులవారీగా నలుగురు మారేకన్నా మొదటినుంచీ ఒక్కరే తిరగడం మేలు. మీరు బెంగళూరులో ఉన్నారు కనుక ఫైలు ఎవరి చేతిలో ఉంటుందో ఇప్పుడే తేల్చుకోండి.

ఆగిన వారాల్లో వేపుళ్లు, మటన్, నెయ్యి తగ్గించండి. కొండపిండాకు రసంతో రాళ్లు కరుగుతాయని చెప్పేవాళ్లు తప్పక తగులుతారు. ఆ వాడుక కిడ్నీ రాళ్ల విషయంలోది, పిత్తాశయానికి దానికీ సంబంధం లేదు.

చివరగా బయాప్సీ. తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపుతారు, రిపోర్టు వారం పది రోజులకు వస్తుంది. కుట్లు విప్పించుకుని వెళ్లినవాళ్లలో చాలామంది దానికోసం తిరిగి రారు. అరుదుగానే అయినా, రాళ్ల వెనక దాక్కున్న క్యాన్సర్ ఆ కాగితంలోనే బయటపడుతుంది. పెద్దాసుపత్రిలో అయితే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. డిశ్చార్జి రోజే బయాప్సీకి పంపిన నమూనా నంబరు రాసుకుని, కుట్లు విప్పించే రోజు మీ యూనిట్ ఓపీ రోజునే పడేలా చూసుకోండి. రిపోర్టు తీసుకుని అదే రోజు డాక్టరుకు చూపించేయొచ్చు.